గుంట పిలుస్తోంది

ఇస్నాపూర్ చౌరస్తా దాటాక ఉన్న చర్చి వాళ్ల దవాఖానలో నన్ను పెట్టుకున్నది నేల తుడవడానికి, చీటీలు వరుసగా పిలవడానికి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి కాదు. ఆ పని నా నెత్తిన ఎలా పడిందంటే, ప్రతి గురువారం వచ్చే మనసు డాక్టరు కురియన్ సారుకు తెలుగు రాదు. మలయాళం, ఇంగ్లీషు, పుస్తకంలో నేర్చుకున్న హిందీ, అంతే. నాకు నాలుగో తరగతితో బడి బందయింది గానీ, పదమూడేళ్లు ఫ్యాక్టరీల్లో బీహారు వాళ్లతో కలిసి డ్రమ్ములు దొర్లించాను కాబట్టి హిందీ వచ్చు. ఆడవాళ్లు తెలుగులో ఏడ్చింది నేను హిందీలో చెప్తాను. ఆయన హిందీలో అడిగింది తెలుగులో అడుగుతాను. అంతకుముందు ఒక నర్సు చేసేది ఆ పని. పెళ్లయి వెళ్లిపోయింది. "బాలప్పా, ఈ ఒక్క వారం నువ్వు కూసో" అన్నారు. ఆ వారం ఏళ్ల తరబడి సాగింది.

నేను చెప్పేది అందులో నాలుగో ఏడు, తొంభై ఏడు వానాకాలం సంగతి.

అప్పటికి మా ఊరు చిట్కుల్ నిండా శ్రీకాకుళం వాళ్లే. మా భూములు కంపెనీలకు పోయినప్పుడు ఇంటికొక ఉద్యోగం అన్నారు. గేటు లేచాక, ఊరివాళ్లకు పనిస్తే చావుకు, పెళ్లికి, బోనాలకు సెలవు అడుగుతారని కాంట్రాక్టర్లు రైళ్ల మీద మనుషుల్ని దించారు. దూరం నుంచి వచ్చినవాడు సెలవు అడగడు. అడిగినా పోయి వచ్చేసరికి వాడి జాగాలో ఇంకొకడు ఉంటాడు. ఆ లెక్క మాకు అర్థమయ్యేసరికి నా ఛాతీలో గురక మొదలైంది, కంపెనీ నన్ను ఇంటికి పంపింది. కాబట్టి ఆ మనుషులంటే నాకు ప్రేమ లేదు. ఉందని అబద్ధం రాయను. వాళ్లు మాట్లాడుతుంటే నేను సగమే వినేవాణ్ని. మిగతా సగం నాకు తెలుసు అనుకునేవాణ్ని.

ఆ గురువారం పదకొండో చీటీ పైడమ్మ. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. అంజయ్య పటేలు చిట్కుల్ చివర వేసిన రేకుల గదుల్లో కాపురం. భర్త అప్పలసూరి ఇనుప కడ్డీలు సాగదీసే మిల్లులో పని. వచ్చి ఏడాదిన్నర. డాక్టరు సారుకు ఒక పద్ధతి ఉంది, మొదట ఆడమనిషినే లోపలికి పిలుస్తాడు, మొగుణ్ని బయట కూర్చోబెడతాడు. ఆమె వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నా వైపు గానీ సారు వైపు గానీ చూడలేదు.

"ఏందమ్మా, ఏమైతుంది నీకు? సారుకు చెప్పు" అన్నాను.

"నిద్దర రాదు బాబూ. అన్నం లోనికి ఎల్దు."

"ఎందుకు రాదు?"

"గుంట పిలుస్తంది."

"ఏం పిలుస్తది?"

"గుంట బాబూ. తెల్లారగట్ల పిలుస్తంది. ఏడుస్తంది. నా సెవులకి ఇనబడతంది. గుంట కాడికి ఎలిపోతానంతే ఈయన ఒప్పడు."

ఆ రేకుల గదుల వెనక ఒక గుంట ఉంది. పక్క కంపెనీ తన నీళ్లు వదలడానికి తవ్వించింది. పైన పసుపుపచ్చ నురుగు. ముందటి ఏడు రెండు బర్రెలు దాంట్లో దిగి చచ్చాయి. గుంట అంటే చిట్కుల్‌లో ఎవరికైనా అదే. హిందీలో గడ్డా. నేను సారు వైపు తిరిగాను.

"సాబ్, గడ్డా బులాతా బోల్తీ. గడ్డా రోతా బోల్తీ. గడ్డే కే పాస్ జాతూం బోల్తీ."

రాస్తున్న కలం ఆగింది. ఏ గుంట అని అడిగాడు. చెప్పాను. బర్రెల సంగతి కూడా చెప్పాను. ఎంత లోతుంటుందో ఆమెనే అడగమన్నాడు.

"ఎంతుంటదమ్మా ఆ గుంట?"

ఆమె మొదటిసారి తలెత్తింది. చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించింది. "ఇంతుండీది. ఇప్పుడు ఇంకా పెరిగిపోయుంటాది."

నడుము లోతు, వానలకు ఇంకా పెరుగుతోందట అని చెప్పాను. సారు రాసుకున్నాడు.

"ఇదివరకు ఎప్పుడన్న పోయినవా గుంట కాడికి?"

"కొత్తమాసకి ఎల్లినాను ఒక్కమాటు. రొండు దినాలైనా ఉండనీకుండా ఈయనే లాక్కొచ్చీసినాడు."

కొత్తమాస అంటే కొత్త అమావాస్య అని నాకు తట్టింది, అంతవరకు తెలివి పనిచేసింది. అమావాస్య నాడు గుంట దగ్గరికి పోయిందట, మొగుడు గుంజుకొచ్చాడట అని చెప్పాను. రెండు దినాల ముక్క సరిగా వినలేదు, వదిలేశాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అప్పలసూరిని పిలవమన్నాడు.

అతను లోపలికి రాకముందే గుమ్మంలో ఆపి నేనే అడిగాను. నాకు ఆ అధికారం ఉందనుకున్నాను.

"నీ పెండ్లం పొద్దస్తమానం గుంట గుంట అంటున్నది. ఎర్కేనా నీకు?"

"ఎరకే బాబూ. ఏడాదిన్నర బట్టీ అదే గోల. రొండు మార్లు సెప్పకుండా బయలెల్లిపోనాది. రోడ్డు కాడ పట్టుకున్నాను."

"మరి పోనిస్తవా? గుంట దిక్కు మర్లనియ్యకు."

"నానూ అదే అంతన్నాను బాబూ. నానూ ఎల్లిపోతే ఇక్కడ డూటీ ఎవుడు సేస్తాడు?"

"నీకు డూటీ ఎక్కువైందా? మనిషి పోతే?"

"పోతే మరి రాదు బాబూ. అదే నా బయ్యం."

"గందుకే చెప్తున్న. నువ్వు డూటీకి పొయ్యేటప్పుడు బయట గొళ్లెం పెట్టి పో."

అతను పెట్టాడు.

సారు రెండు రకాల మాత్రలు రాశాడు, ఒకటి తెల్లది, ఒకటి పచ్చది. మూడు వారాల్లో పైడమ్మ నీళ్లలో నడిచినట్టు నడవడం మొదలుపెట్టింది. నాలుక మందం అయింది. మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టేది. ఏడుపు మాత్రం ఆగింది.

"గుంట ఇంక పిలుస్తున్నదా?" అని సారు అడిగించాడు.

"మానీసినాది బాబూ" అంది. చాలాసేపటికి ఇంకో మాట అంది. "మర్సిపోయింది కావాల."

మొదటి మాట చెప్పాను. రెండోది, మరిచిపోయిందేమో అన్నది, సారుకు పనికిరాదనుకున్నాను. సారు సంతోషపడ్డాడు. ఆ వారం నుంచే ఆమె అన్నం పూర్తిగా మానేసింది. తర్వాత ఒక మధ్యాహ్నం, గొళ్లెం ఊడగొట్టుకుని పోయి ఆ పసుపు నురుగు గట్టున కూర్చుని ఉంటే పక్క గది వాళ్లు చేతులు పట్టి లాక్కొచ్చారు. ఇక ఇక్కడ మన వల్ల కాదన్నాడు సారు. పట్నంలో పెద్దాసుపత్రికి ఉత్తరం రాస్తానన్నాడు. అక్కడ తలకు కరెంటు పెడతారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారో వాళ్లిష్టం. వచ్చే గురువారం అప్పలసూరి వచ్చి కాగితం మీద వేలిముద్ర వేసి ఉత్తరం తీసుకోవాలి.

పైడమ్మ మాత్రలు మింగుతున్న ఆ వారాల్లోనే దవాఖానకు సుకుమారి టీచరు వచ్చింది. సంగారెడ్డి మనిషి, చర్చి బడిలో పాతికేళ్లు పిల్లలకు చెప్పింది. మద్రాసులో ఆరు నెలలు ఏదో నేర్చుకుని వచ్చింది. మంగళవారం, గురువారం వచ్చి ఆడవాళ్లతో మాట్లాడటమే ఆమె పని. మాట్లాడితే రోగం ఎలా పోతుందో నాకు తెలియదు. మా ఇంట్లో మేము మాట్లాడుకున్న రోజుల్లోనే ఎక్కువ రోగాలు వచ్చాయి.

మొదట ఆమెకు ఒక గది, నాలుగు కుర్చీలు ఇచ్చారు. రెండు వారాలు ఒక్కరూ నోరు విప్పలేదు. మనసు ఎట్లుందమ్మా అంటే తలనొప్పి అనేవాళ్లు, నడుం నొప్పి అనేవాళ్లు, మాత్ర ఇప్పించమనేవాళ్లు. మూడో వారం ఆమె కుర్చీలు వదిలేసి, వెనక బట్టలుతికే బండ దగ్గర చాప పరిచింది. దవాఖాన వంటకు వచ్చిన చింతపండు చాటలో పోసుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది. వచ్చిన ఆడవాళ్లు ఊరికే కూర్చోలేక తామూ తీశారు. చేతులు పనిలో పడ్డాక నోళ్లు కదిలాయి. ఒకామెది ఒరిస్సా, ఒకామెది బీదరు దగ్గరి పల్లె, ఇద్దరు ముగ్గురు శ్రీకాకుళం.

"మందు ఇడిసిపెట్టి చింతపండుతోని నయం జేస్తున్నవా టీచరమ్మా?" అన్నాను బకెట్ మోసుకుపోతూ.

"నీకేం నష్టం బాలప్పా? పులుసు తాగేది నువ్వే గద."

"ఏం చెప్తున్నరు వీళ్లు?"

"ఏం లేదు. ఊర్ల ఏ కూర వండుకుంటరో చెప్తున్నరు."

"గది రోగమా?"

"గదే అయ్యుంటది" అంది. ఆమె సంచిలో టైపు కొట్టిన కాగితాలు కొన్ని ఉండేవి. దేశం వదిలి లండను పోయిన ఆడవాళ్లకు మనసు వైద్యం ఎలా చేయాలో ఎవరో రాసినవి. "చదువుతుంటే మన చిట్కుల్ గదులే కనవడ్డయి బాలప్పా. మనసు అని అడిగితే కడుపునొప్పి చెప్తరట ఆళ్లు గూడ. మొగని ముందట ఒకటి, వెనక ఒకటి చెప్తరట."

"లండన్ పోయినోళ్లది ఏరే. ఆడ భాష రాదు. వీళ్లు తెలుగోళ్లే గద, ఇంతదానికి కాగితాలెందుకు?"

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. తెలుగుకూ తెలుగుకూ ఎంత దూరమో అప్పుడు ఆమెకూ తెలియదు.

ఉత్తరం తీసుకోవాల్సిన గురువారం వచ్చింది. అప్పలసూరి పొద్దున భార్యను దవాఖానలో దింపి మిల్లుకు పోయాడు, నాలుగింటికి షిఫ్టు దిగి వస్తానన్నాడు. సుకుమారి టీచరు పోయి సారును అడిగింది, పంపే ముందు ఒక్కసారి నా చాప మీద కూర్చోబెట్టనివ్వండి అని. సారు భుజాలు ఎగరేశాడు. పైడమ్మ నాలుక మందంగా ఉండడంతో మాట తెలియడం లేదని టీచరు నన్ను కూడా పిలిచింది. నేను నల్లా గట్టు మీద కూర్చున్నాను.

పైడమ్మ చింతపండు ఒక తొన తీసుకుని గింజ తీయబోయింది. వేళ్లు పట్టు చిక్కలేదు. టీచరు ఆ తొన తీసుకుని గింజ సగం పైకి తెచ్చి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది. ఈసారి వచ్చింది.

"ఊర్ల ఎవరెవరున్నరమ్మా?" అంది టీచరు.

"అత్తుంది. గుంటుంది."

"ఆడ గూడ ఒక గుంట ఉన్నదట" అన్నాను నేను. "వీళ్లకు ఏడికి పోయినా గుంటలే."

టీచరు నన్ను లెక్కచేయలేదు. "గుంట నిన్ను పిలుస్తదని చెప్పినవట గద సారుకు. ఏమని పిలుస్తదమ్మా?"

"అమ్మా, అని."

"ఇంకేమంటది?"

"ఏటీ అనదు. ఏడుస్తాది." పైడమ్మ ఇంకో తొన తీసుకుంది. "మా అత్త ఉత్తరం రాయించినాది. గుంటకి రొండు పళ్లూడినాయంట. ముందు పళ్లు."

టీచరు చేతులు చాటలోనే ఆగిపోయాయి.

"బాలప్పా, గుంటకు పళ్లుంటయా?"

"పిచ్చిది గద టీచరమ్మా" అన్నాను.

"అమ్మా పైడమ్మా, ఆ గుంటకు పేరున్నదా?"

"ఉండదేటమ్మా?" ఆమె నొచ్చుకుంది. ఆ మందం నాలుకతోనే నొచ్చుకోవడం తెలిసింది. "నూకరత్నం. ఆరు ఎల్లి ఏడొచ్చినాయి. నడుం కాడికుండీది నానొచ్చీసినప్పుడు."

"ఆడపిల్లను గుంట అంటరా మీ దిక్కు?"

"మరేటంతారు?"

"మేము పోరి అంటం."

"పోరా?" అంది పైడమ్మ. "పోరంతే దెబ్బలాట కాదేటి?" ఆమె మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వే అనుకుంటాను. పూర్తికాకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు చీది, మళ్లీ చింతపండు తీసుకుంది.

నేను నల్లా గట్టు మీద అలాగే ఉన్నాను. నేను మోసిన మాటలన్నీ ఒక్కొక్కటి వెనక్కి వచ్చాయి. గుంట పిలుస్తంది. గుంట ఏడుస్తంది. ఇంతుండీది, పెరిగిపోయుంటాది. మర్సిపోయింది కావాల. ఆ ఆడమనిషి కన్న బిడ్డ గురించి చెప్పింది. నేను ఆ బిడ్డను కంపెనీ నురుగు గుంట చేసి సారు బల్ల మీద పెట్టాను. మొగుడు సైతం నా ముందే గుంట గోల అన్నాడు. పోతే మరి రాదన్నాడు. అతను రైలు గురించి చెప్తుంటే నేను చావు గురించి విన్నాను. పైగా గొళ్లెం పెట్టించాను.

"మరి నువ్వు ఆ నీళ్ల కాడికి ఎందుకు పోయి కూసున్నవు?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఎక్కడో ఒక చోట నా తప్పు లేదని తేలాలని అడిగాను.

"అక్కడైతే ఏడిస్తే ఎవుళూ ఏటీ అనరు బాబూ. కంపు గదా. ఎవుళూ రారు."

టీచరు లేచి చీర దులుపుకుంది. నన్ను కొంచెం అవతలికి తీసుకుపోయింది.

"సారుకు చెప్పాలె. ఉత్తరం రాసి పెట్టిండు."

"నువ్వు చెప్పు. నీకు ఇంగ్లీష్ వస్తది. నేను చెప్తే కొలువు పోతది."

"నేను చెప్తే నా మాట అయితది. ఆయన ఫైలుల రాసుకున్నది నీ మాట. నువ్వే చెప్పు బాలప్పా." కొంచెం ఆగి, "తెల్వక అన్నవు. నాకు గూడ తెల్వదు గద ఆ మాట" అంది.

"నువ్వు అడిగినవు" అన్నాను.

ఆమె సంచి భుజాన వేసుకుంది. మూడింటి బస్సుకు సంగారెడ్డి పోవాలి. బడిలో మీటింగు.

సారు టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు. నేను బల్ల ముందు నిలబడ్డాను. ఎప్పుడూ పక్కన కూర్చునేవాణ్ని, ముందు నిలబడడం అదే మొదటిసారి.

"సాబ్, వో గడ్డా నై. లడ్కీ."

"క్యా?"

"ఉస్కీ బేటీ హై సాబ్. గుంటా బోలేతో ఉనే బేటీ."

గుంట కాదు, కూతురు అన్నది ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫైలు తెరిచాడు. ఇంగ్లీషులో రాసుకున్నది ఒక్కొక్క లైనే హిందీలోకి తిప్పి చదివాడు. గుంట నడుము లోతు. కాదు సాబ్, పిల్ల నడుము ఎత్తు. వానలకు పెరుగుతోంది. పిల్ల పెరిగింది సాబ్. అమావాస్య నాడు గుంట దగ్గరికి పోతే భర్త లాగాడు. కొత్తమాస వాళ్ల పండగ సాబ్, పండక్కి ఊరికి, బిడ్డ దగ్గరికి పోతే తీసుకొచ్చాడు. గుంట పిలవడం ఆగింది, మందు పనిచేస్తోంది. ఆయనే కలంతో ఆ లైను కొట్టేశాడు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఫైలు మూసి, బల్ల మీద చేతులు పెట్టుకుని, "చార్ సాల్ సే తూ హీ బోల్ రహా హై న?" అన్నాడు.

"హౌ సాబ్."

నాలుగేళ్ల గురువారాలు. రోజుకు పదిహేను చీటీలనుకున్నా ఎంతమంది? వాళ్లలో ఎంతమంది ఏం చెప్పారో, నేను ఏం చెప్పానో ఆయనకు గానీ నాకు గానీ తెలిసే దారి లేదు. ఆయనా అదే ఆలోచిస్తున్నాడని ఆయన కూర్చున్న తీరే చెప్పింది. పట్నానికి రాసిన ఉత్తరం మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టాడు. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, సగం, సగంలో సగం చేసి పది రోజులు ఇవ్వాలి. ఆమెను బిడ్డ దగ్గరికి పంపాలి, మొగుడు వచ్చాక పిలువు అన్నాడు.

అప్పలసూరి నాలుగున్నరకు వచ్చాడు. పట్నం పోవాలి కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. గేటు దగ్గరే పట్టుకుని సంగతి చెప్పాను. నా తప్పు సైతం చెప్పాను. అతను నా మొహం వైపు చూశాడు, కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేనట్టు చూశాడు. పొద్దంతా కొలిమి ముందు నిలబడి వచ్చాడు మరి.

"అయితే పిచ్చి కాదేటి?"

"కాదు."

"గుంట మీద బెంగేనా?"

"గంతే. పొమ్మంటడు సారు. బిడ్డ కాడికి తోలియ్యమంటడు."

పిచ్చి కాదన్నప్పుడు వచ్చిన ఊరట అంతా అతని మొహం మీంచి దిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు.

"బాబూ, ఒక్క మాట. డాక్టరుగారు ఎల్లొద్దన్నారని సెప్పండి."

"ఎందుకు?"

"ఎల్తే రాదు బాబూ. నాకు తెలుసు. అక్కడ మా అమ్మకీ దీనికీ పడదు, అయినా రాదు. గుంటనొగ్గీసి రాదు."

"అయితే పిల్లనే ఈడికి తెచ్చుకో."

"ఈ గాల్లోకా?" అన్నాడు. నా ఛాతీలోంచి వస్తున్న గురక విని, తర్వాత తల దించుకున్నాడు. "మిమ్మల్ని అని కాదు బాబూ. నానొక్కణ్నీ పీలిస్తే సాల్దా? మీ నోటి మాటే గదా దానికి తెలిసీది. ఒక్క మాట. దాన్ని బాగా సూసుకుంతాను. గొళ్లెం పెట్టను."

నాకు అతని మీద జాలి కలిగింది. శ్రీకాకుళం వాళ్ల మీద నాకు జాలి కలగడం అదే మొదలు. నా భార్య దేవమ్మ వెలిమెలలో పుట్టింటికి పోయి తొమ్మిదేళ్లు. వెలిమెల ఎంత దూరం, బస్సెక్కితే గంట లేదు. పోతానన్న రోజున ఏ డాక్టరో వద్దన్నాడని ఎవరైనా ఒక అబద్ధం ఆడి ఉంటే ఉండిపోయేదేమో. ఖాళీ గదిలోకి షిఫ్టు దిగి పోవడం ఎలా ఉంటుందో అతనికి ఇంకా తెలియదు. నాకు తెలుసు. లోపల ఉన్నాయనకు తెలుగు రాదు. మొగుడికి మిల్లులో వినిపించే 'జల్దీ', 'పకడో' తప్ప హిందీ రాదు. టీచరు మూడింటి బస్సుకే వెళ్లిపోయింది. నేను ఏం చెప్తే అదే డాక్టరు మాట.

"నడువు" అన్నాను. ఔనని గానీ కాదని గానీ అనలేదు.

లోపల పైడమ్మ కుర్చీ మీద కూర్చుంది. ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని ఉంది, అది నిమ్మళం కాదు, మందు బరువు. అప్పలసూరి ఆమె వెనక నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు. సారు నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు. ఆమెకు రోగం లేదని నేను అనను, ఏడాదిన్నర బాధ మనిషిని నిజంగానే రోగిని చేస్తుంది. అయినా మొదటి మందు ఆ బిడ్డ. పోనివ్వండి. మళ్లీ రావడం, రాకపోవడం ఆమె ఇష్టం. మాత్రలు మాత్రం నేను చెప్పినట్టు తగ్గించాలి. చెప్పి, నా వైపు చెయ్యి చూపించాడు.

అప్పలసూరి తల అడ్డంగా, ఎవరికీ కనిపించనంత కొద్దిగా ఊపాడు.

"సారు పొమ్మంటున్నడమ్మా" అన్నాను. "నీ గుంట కాడికి పొమ్మంటున్నడు. మల్ల వచ్చుడు రాకపోవుడు నీ ఇష్టమట."

ఆమె ముఖంలో సంతోషం ఏమీ కనబడలేదు. ఆ మాటను నమలడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకోపాలి అడగండి బాబూ" అన్నాడు అప్పలసూరి. "సరిగ్గా ఇన్నారో లేదో."

"సరిగ్గనే విన్న. ఈసారి విన్న."

అప్పుడు పైడమ్మ అడిగింది. "రైల్లో ఈ మాత్రలు ఏసుకుంతే నిద్దరొచ్చీస్తాదా బాబూ? నిద్దరోతే ఆమదాలవలస దాటిపోద్ది."

నేను దాన్ని ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పాను. ఆమదాలవలస అంటే ఆమె దిగాల్సిన స్టేషను అని, రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదని కూడా ఆమెను అడిగి తెలుసుకుని చెప్పాను. సారు ఆ రోజు మాత్ర మానేయమన్నాడు. తెల్లదా, పచ్చదా అంది ఆమె. అడిగాను. రెండూ అన్నాడు. రెండూ అని చెప్పాను. మాత్రల పొట్లం కొంగున కట్టుకుని లేచింది, కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది. మొగుడు చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది, గుమ్మం దాటాక వదిలేసింది.

వరండాలో అతను వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"మీకేటి బాబూ" అన్నాడు. "మీ వూళ్లో మీరున్నారు."

ఆమె అప్పటికే గేటు దాటి చిట్కుల్ దారిలో గోడ పట్టుకుని నడుస్తోంది. అతను ఆమెకు నాలుగడుగుల వెనక, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ నడిచాడు.

లోపలి నుంచి సారు బెల్లు కొట్టాడు. బల్ల మీద ఇంకా ఆరు చీటీలున్నాయి. పైది తీసి, ముత్యమ్మ, అని పిలిచాను. గోడ పక్కన చంకలో గుడ్డ సంచితో ఉన్న ఒకావిడ లేచింది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను.

నాలుగేళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు. ఆమె ఏదో పేరు చెప్పింది, నాకు తెలియదు. మళ్లీ చెప్పమన్నాను.